తాగుడు ఏ పద్దు కింద?

తాగి బండి నడిపి ఎవరైనా పోతే మా భిలాయిలో తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢీలు, బెంగాలీలు అందరూ ఒకే మాట అంటారు. టైము అయిపోయింది, అంతే. పెద్దకర్మ భోజనాల్లో కూడా సీసా మాట ఎవరూ ఎత్తరు, శని దశ మాట ఎత్తుతారు. పోయినవాడి మీద మర్యాద కొద్దీ అంటున్నారని సరిపెట్టుకోవచ్చు. కాని కారణం తప్పుగా రాసుకుంటే నష్టపోయేది బతికున్నవాళ్ళే కదా!

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎంత ఖర్చయింది అనేదానికన్నా ఏ పద్దు కింద రాశారు అనేది ముందు చూడటం అలవాటు. కేంద్ర రవాణా శాఖ లెక్కలూ అలాగే చూశాను. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది. అతివేగం పద్దు కింద సుమారు 71 శాతం. మద్యం, మత్తుమందుల పద్దు కింద సుమారు రెండున్నర శాతం. ఒక్కో మరణం ఒక్క పద్దులోనే పడుతుంది. మరి తాగి, ఆ మత్తులో వేగంగా నడిపినవాడు ఎటు పోతాడు? నుజ్జయిన బండిని చూసి వేగం అని రాసేయవచ్చు. మత్తు అని రాయాలంటే రక్తం తీసి పరీక్షకు పంపాలి. కాబట్టి ఆ రెండున్నర శాతాన్ని పూర్తి లెక్కగా నేను ఒప్పుకోను.

కొలిచే పద్ధతి దొరకడానికే చాలాకాలం పట్టింది. 1897 సెప్టెంబరులో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవరుకు తాగి నడిపినందుకు శిక్ష పడింది, అతనే ఒప్పుకున్నాడు కనుక. ఒప్పుకోనివాళ్ళ సంగతి వాసన, తూలడం చూసి తేల్చేవారు. 1922లో స్వీడన్‌కు చెందిన విడ్‌మార్క్ కొద్ది చుక్కల రక్తంలో ఆల్కహాల్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1954లో అమెరికాలో బోర్కెన్‌స్టైన్ ఊపిరిని కొలిచే యంత్రం చేశాడు. మన 1988 మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంది. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గించగలదు. 90 ఉన్నవాడు 30కి దిగాలంటే నాలుగు గంటలు ఆగాలి. మజ్జిగ, చన్నీళ్ళ స్నానం ఆ వేగాన్ని పెంచలేవు. నిమ్మకాయ బండికి కట్టినా, పిండుకుని తాగినా ఫలితం ఒకటే.

ఇక అసలు కారణం. దాన్ని తిన్నగా అడిగినవాళ్ళు మా పక్కనే ఉండేవారు. భిలాయి కార్ఖానాకు ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ రాజహరా గనుల నుంచి. అక్కడి కాంట్రాక్టు కూలీలు 1977లో శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. పోరాడగా కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణం దారి పట్టింది. జీతం ఇప్పించడంతో మా పని అయిపోయింది అనే యూనియన్ నాయకులను చాలామందిని చూశాం. నియోగీ అలా అనలేదు. వాడి తలరాత అని ఊరుకోకుండా, కూలి డబ్బు ఎవరి గల్లాలో పడుతోందని అడిగాడు. తాగుడు మాన్పించడం సంఘం పనుల్లో చేరింది. ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. 1983లో ఆ కార్మికులే షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. నియోగీని 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలో, నిద్రపోతుండగా కాల్చి చంపారు.

ఆ మరుసటి ఏడు మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు వాళ్ళు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి.ఆర్. సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఖజానాకు డబ్బు కావాలి మరి.

దుకాణానికీ రోడ్డుకూ సంబంధం ఉందని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఒప్పుకుంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం దుకాణం ఉండరాదంది. 2017 జూలైకల్లా ఇది మునిసిపాలిటీల లోపల వర్తించదని వివరణ వచ్చింది. భిలాయి నడిమధ్య నుంచి జాతీయ రహదారి పోతుంది, మాది మునిసిపల్ కార్పొరేషన్. లారీలు ఊరి పేరు చూసి నెమ్మదిస్తాయా?

అదే 2017 ఏప్రిల్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లో మద్యం చిల్లరగా అమ్మేది ప్రభుత్వ సంస్థే. 2018 ఎన్నికల్లో మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచినవారు అయిదేళ్ళు పాలించి, అది అమలు చేయకుండానే దిగిపోయారు. 2019 సవరణ తర్వాత తాగి నడిపితే మొదటిసారి జరిమానా 10,000 రూపాయలు. సీసా మీద వచ్చేది, జరిమానా మీద వచ్చేది రెండూ సర్కారు ఖజానాకే జమ. ఖర్చు మాత్రం ఆ ఇంటివాళ్ళది.

సమాచార హక్కు కింద దరఖాస్తు ఒకటి రాసిపెట్టాను. అడిగింది ఒక్కటే. దుర్గ్ జిల్లాలో గత అయిదేళ్ళలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన డ్రైవర్లలో ఎంతమంది రక్తం ఆల్కహాల్ పరీక్షకు పంపారు? పది రూపాయల ఫీజు కట్టి వచ్చే వారం పంపుతున్నాను.