నూటికి పాతిక పాళ్ల ఆశ

శాన్ హోసేలోని డిరిడాన్ స్టేషన్‌లో రైలు దిగి వీధి దాటారు. ఎస్‌ఏపీ సెంటర్ తలుపు తోయగానే మంచు చల్లదనం ముందు ముక్కుకే తగులుతుంది. 2024 ఏప్రిల్, ఐస్ హాకీ సీజన్ చివరి రోజులు. పదిహేడు వేలకు పైగా సీట్ల హాలులో ఖాళీలు బాగానే కనబడుతున్నాయి. మీ వరసలో మీరు, ఒక పెద్దాయన, ఆయన మనవరాలు.

దీపాలు ఆర్పేశారు. పైనుంచి పెద్ద సొరచేప తల దిగింది. కళ్లు ఎర్రగా వెలుగుతున్నాయి, నోట్లోంచి పొగ. ఆ కోరల మధ్య నుంచి శాన్ హోసే షార్క్స్ ఆటగాళ్లు ఒక్కొక్కరే మంచు మీదికి దూసుకొస్తున్నారు. పిల్ల కుర్చీ ఎక్కి కేకలు పెడుతోంది. లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు ఇదని దానికి పట్టలేదు.

పెద్దాయనకు మాత్రం అన్నీ గుర్తే. తొలి పదకొండు ఆటల్లో ఒక్క గెలుపూ లేదు. నవంబరులో వాంకూవర్ చేతిలో 10-1, ఆ వెంటనే పిట్స్‌బర్గ్ చేతిలో 10-2. మేటి ఆటగాడు ఎరిక్ కార్ల్‌సన్‌ను సీజన్‌కు ముందే వదులుకున్నారు. 2013 నుంచి ఇక్కడే ఆడిన టోమాష్ హెర్టల్‌ను మార్చిలో వేగస్‌కు ఇచ్చేశారు. ఉన్నవాళ్లను ఇచ్చి, రాబోయేవాళ్ల కోసం కూర్చోవడం. నాకది కష్టమైన బేరమే అనిపిస్తుంది, కానీ వేరే దారీ లేదు.

ఆ రాబోయేవాడి పేరు హాలంతా నలుగుతోంది: మాక్లిన్ సెలెబ్రినీ. అప్పటికి పదిహేడేళ్లవాడు. అమెరికా కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు అందుకున్నవాళ్లలో అందరికంటే చిన్నవాడు. చిన్నప్పుడు ఇక్కడి జూనియర్ షార్క్స్‌కే ఆడాడు. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో అతన్ని ఎవరు తీసుకుంటారన్నది లాటరీ తేలుస్తుంది: పద్నాలుగు బంతులు, అందులోంచి నాలుగు. మొదటి ఎంపిక దక్కే అవకాశం చిట్టచివరి జట్టుకే అందరికంటే ఎక్కువ, అయినా అది 25.5 శాతమే.

ఓడితేనే మేలేమో అన్న ఆలోచన మీకూ వచ్చింది కదూ.

అంతలో ప్రత్యర్థి ఒకడు తప్పు చేసి రెండు నిమిషాలు బయట కూర్చున్నాడు, మంచు మీద షార్క్స్‌కు ఒకరు ఎక్కువ. జనం చేతులు చాచి సొరచేప దవడల్లా పైకీ కిందికీ ఆడిస్తున్నారు. 72వ నంబరు విలియం ఎక్లుండ్, 2021 డ్రాఫ్టులో ఏడో ఎంపిక, గోల్ వెనకనుంచి పక్‌ను, ఆ రబ్బరు బిళ్లను, లాక్కొచ్చాడు. అద్దాల గోడకు భుజాలు గుద్దుకున్న చప్పుడు. ఒక పాస్, ఇంకో పాస్. గోల్! హారన్ మోగింది. మీరు లేచి నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో మీకే తెలియదు. లాటరీ లెక్క చేసింది మనసు, చప్పట్లు కొట్టినవి చేతులు. నేను చేతుల పక్షం. అక్కడ చెమటోడుస్తున్నవాళ్లెవరూ ఓడిపోవడానికి ఆడటంలేదు.

ఆ సీజన్ మొత్తం 82 ఆటల్లో 19 గెలుపులే. మే 7న లాటరీ బంతులు శాన్ హోసేనే వరించాయి. జట్టు చరిత్రలో మొదటిసారి తొలి ఎంపిక. జూన్ 28న డ్రాఫ్టులో షార్క్స్ సెలెబ్రినీని ఎంచుకుంది. అక్టోబరు 10న ఇదే మంచు మీద తన మొదటి ఆటలో గోల్ కొట్టాడు. జట్టు మాత్రం అదనపు సమయంలో 5-4తో ఓడింది. ఆ సీజన్‌లోనూ ఆఖరి స్థానమే.

దగ్గర్లో సన్నీవేల్‌లోనో మిల్పిటాస్‌లోనో ఉంటున్నవాళ్లు పిల్లల్ని తీసుకుని ఒక సాయంత్రం వెళ్లండి. జట్టు గెలుస్తుందా ఓడుతుందా అని ఆగకండి.