టబు: హైదరాబాద్ నుంచి హెచ్‌బీఓ దాకా.. సినిమాలు, సీరియళ్లు, సంపాదన లెక్కలు

టబు అనగానే తెలుగు ప్రేక్షకులకు 'నిన్నే పెళ్లాడతా' గుర్తొస్తుంది. ఇప్పటి పిల్లలకైతే 'అల వైకుంఠపురములో' అల్లు అర్జున్ తల్లిగా తెలుసు. హైదరాబాద్‌లో పుట్టి, ఇక్కడి స్కూల్లో చదివి, నలభై ఏళ్లుగా సినిమాల్లో నిలబడ్డ నటి ఆమె. అందుకే ఆమె ఎంత సంపాదించారనే ప్రశ్న మన ఇళ్లలో కూడా వినిపిస్తుంటుంది. ఫోన్‌లో వెతికితే రకరకాల కోట్లు కనిపిస్తాయి. ఆ అంకెలకు ఆధారం ఏంటి, అసలు ఒక నటి చేతికి డబ్బు ఎలా వస్తుంది అన్నది ఆమె కెరీర్‌తో పాటు చూద్దాం.

క్లుప్తంగా

పూర్తి పేరు: తబస్సుమ్ ఫాతిమా హాష్మీ
పుట్టింది: 1971 నవంబర్ 4, హైదరాబాద్
చదువు: విజయనగర్ కాలనీలోని సెయింట్ ఆన్స్ స్కూల్, తర్వాత ముంబై సెయింట్ జేవియర్స్ కాలేజీ
కుటుంబం: అక్క ఫర్హా నాజ్ కూడా నటి. షబానా ఆజ్మీ బంధువు
భాషలు: హిందీ, తెలుగు, తమిళం, మలయాళం, ఇంగ్లిష్ సహా పలు భాషల్లో నటన
పురస్కారాలు: ఉత్తమ నటిగా 2 జాతీయ అవార్డులు, 2011లో పద్మశ్రీ

బాల్యం, మొదటి సినిమాలు

టబు చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి టీచర్. అమ్మమ్మ, తాతయ్య దగ్గరే ఆమె పెరిగారు. 1982లో వచ్చిన 'బాజార్' సినిమాలో చిన్నపిల్లగా కాసేపు కనిపించారు. హైదరాబాద్‌లో పేదింటి అమ్మాయిలను డబ్బున్న గల్ఫ్ వాళ్లకు కట్టబెట్టడం గురించిన సినిమా అది. 1985లో దేవ్ ఆనంద్ 'హమ్ నౌజవాన్'లో ఆయన కూతురిగా నటించేనాటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. అదే ఏడాది అక్క ఫర్హా 'ఫాస్లే'తో హీరోయిన్ అయ్యారు.

హీరోయిన్‌గా టబుకి మొదటి విడుదల తెలుగులోనే. 1991లో కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో వెంకటేశ్ పక్కన 'కూలీ నెం.1' చేశారు. హిందీలో హీరోయిన్‌గా ఒప్పుకున్న 'ప్రేమ్' ఏళ్ల తరబడి షూటింగ్‌లోనే ఉండిపోయి, చివరికి 1995లో బయటికొచ్చింది. ఈలోపే 1994లో అజయ్ దేవగణ్‌తో చేసిన 'విజయ్‌పథ్' ఆమెకు పేరు తెచ్చి, ఫిల్మ్‌ఫేర్ కొత్త నటి అవార్డు ఇప్పించింది. సినిమా ఒప్పుకున్న రోజుకీ, అది తెర మీదకి వచ్చే రోజుకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో 'ప్రేమ్' చూస్తే అర్థమవుతుంది. సంపాదన లెక్కలో ఈ విషయం మళ్లీ వస్తుంది.

1996: ఒకే ఏడాది, నాలుగు భాషలు

1996 టబు కెరీర్‌లో పెద్ద మలుపు. గుల్జార్ దర్శకత్వంలో వచ్చిన 'మాచిస్' ఆమెకు మొదటి జాతీయ అవార్డు తెచ్చింది. అదే ఏడాది కృష్ణవంశీ తీసిన 'నిన్నే పెళ్లాడతా'లో నాగార్జునతో, మలయాళ 'కాలాపానీ'లో మోహన్‌లాల్‌తో నటించారు. తమిళ 'కాదల్ దేశం' కూడా అప్పుడే వచ్చింది. తెలుగులో అది 'ప్రేమదేశం'గా డబ్ అయి కాలేజీ కుర్రాళ్లను ఊపేసింది.

ఆ తర్వాత మణిరత్నం 'ఇరువర్', హిందీలో 'విరాసత్', 'హు తు తు', 'అస్తిత్వ' వచ్చాయి. 2001లో మధుర్ భండార్కర్ 'చాందినీ బార్' రెండో జాతీయ అవార్డు ఇచ్చింది. అల్లర్లలో ఇల్లు కోల్పోయి ముంబై డ్యాన్స్ బార్‌లో పనికి కుదిరిన ముంతాజ్ అనే అమ్మాయి పాత్ర అది. పెద్ద హీరో లేకుండా కథంతా ఆమె భుజాల మీదే నడుస్తుంది.

తెలుగులో 'ఆవిడా మా ఆవిడే', 'చెన్నకేశవరెడ్డి', 'అందరివాడు', 'పాండురంగడు' చేశారు. 2008 తర్వాత తెలుగు తెరకు దూరమయ్యారు. మళ్లీ కనిపించింది 2020 సంక్రాంతికి, అంటే 12 ఏళ్లకు.

నలభై దాటాక రెండో ఇన్నింగ్స్

మన సినిమాల్లో హీరోలకు యాభై దాటినా హీరో వేషాలే. హీరోయిన్లకు ముప్పై ఐదు దాటగానే వదిన, అత్త పాత్రలు మొదలవుతాయి. టబుకి కూడా ఖాళీ ఏళ్లు వచ్చాయి. 2010లో 'తో బాత్ పక్కీ' తర్వాత 2014 దాకా హిందీలో ఆమెకు చెప్పుకోదగ్గ పాత్రలు చాలా తక్కువ.

2014లో విశాల్ భరద్వాజ్ 'హైదర్' పరిస్థితి మార్చింది. కశ్మీర్ నేపథ్యంలో గజాలా అనే తల్లి పాత్రకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. 2015లో 'దృశ్యం' హిందీ రీమేక్‌లో పోలీసు ఆఫీసర్, 2018లో 'అంధాధున్', 2022లో 'భూల్ భులయ్యా 2', 'దృశ్యం 2', 2023లో నెట్‌ఫ్లిక్స్ 'ఖుఫియా', 2024లో 'క్రూ'.. ఇలా యాభై దాటాక కూడా ప్రధాన పాత్రలే చేస్తున్నారు.

విదేశీ సినిమాల్లో మీరా నాయర్ 'ది నేమ్‌సేక్'లో ఇర్ఫాన్ ఖాన్ భార్యగా, ఆంగ్ లీ 'లైఫ్ ఆఫ్ పై'లో పై తల్లిగా నటించారు.

టీవీ వైపు

టీవీకి టబు ఆలస్యంగా వచ్చారు, కానీ పెద్ద సంస్థలతోనే వచ్చారు. 2020లో బీబీసీ కోసం మీరా నాయర్ తీసిన 'ఎ సూటబుల్ బాయ్'లో సయీదా బాయి పాత్ర చేశారు. విక్రమ్ సేథ్ నవల ఆధారంగా వచ్చిన 6 ఎపిసోడ్ల సిరీస్ అది. సయీదా బాయి గజళ్లు పాడే గాయని కాబట్టి ఉర్దూ తెలిసినవాళ్లకు ఆ పాత్ర మరింత నచ్చుతుంది. 2024లో హెచ్‌బీఓ సిరీస్ 'డ్యూన్: ప్రాఫెసీ'లో సిస్టర్ ఫ్రాన్సెస్కాగా కనిపించారు. అప్పటికి ఆమె వయసు 53.

ఆ కోట్ల అంకెలు ఎక్కడివి?

మన దేశంలో ఎవరి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అయినా బయటివాళ్లు చూడటానికి లేదు. ఒక నటి ఆస్తుల వివరాలు అధికారికంగా బయటపడేది ఎన్నికల్లో నిలబడ్డప్పుడే. హేమమాలిని, జయా బచ్చన్, కంగనా రనౌత్ ఆస్తులు మనకు తెలిసింది వాళ్లు ఇచ్చిన అఫిడవిట్ల వల్లే. టబు ఎన్నికల్లో పోటీ చేయలేదు. కాబట్టి ఆమె 'నెట్ వర్త్' అంటూ తిరిగే అంకెలన్నీ ఊహలే. ఒక సైట్ రాసింది ఇంకో సైట్ ఎత్తి రాస్తుంది, అంతే.

రెండో పొరపాటు, సినిమా వసూళ్లను నటి సంపాదనగా అనుకోవడం. 'దృశ్యం 2' ప్రపంచవ్యాప్తంగా 300 కోట్లు, 'భూల్ భులయ్యా 2' 250 కోట్లు దాటాయి. 'అంధాధున్'కి ఇండియాలో కంటే చైనాలోనే ఎక్కువ డబ్బులొచ్చాయి. 'లైఫ్ ఆఫ్ పై' 60 కోట్ల డాలర్లకు పైనే వసూలు చేసింది. కానీ ఆ డబ్బులోంచి ముందు టికెట్ మీద పన్ను పోవాలి. తర్వాత థియేటర్ వాటా, డిస్ట్రిబ్యూటర్ వాటా పోవాలి. మిగిలింది నిర్మాతకు వెళ్తుంది. లాభంలో వాటా మాట్లాడుకున్న కొద్దిమంది స్టార్లకు తప్ప, నటికి ముందు ఒప్పుకున్న రెమ్యునరేషనే వస్తుంది. సినిమా ఎంత ఆడినా అది పెరగదు.

మూడోది, టీవీలో మళ్లీ మళ్లీ వేయడం. 'నిన్నే పెళ్లాడతా' టీవీలో వచ్చిన ప్రతిసారీ హీరోయిన్‌కి డబ్బు ముడుతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో నటుల యూనియన్ ఒప్పందాల ప్రకారం అలాంటి చెల్లింపులు ఉన్నాయి. మన దగ్గర మామూలుగా ఒకసారి ఇచ్చే మొత్తంతోనే సరి.

డబ్బు ఎలా అందుతుంది?

సినిమాలో ఒప్పుకున్నప్పుడు అడ్వాన్స్ ఇస్తారు. తర్వాత షెడ్యూళ్ల ప్రకారం కొంత కొంత ఇచ్చి, చివరి వాయిదా డబ్బింగ్ సమయానికి ఇవ్వడం వాడుక. సినిమా మధ్యలో ఆగితే ఆ వాయిదాలూ ఆగుతాయి. 'ప్రేమ్' లాంటి సినిమా ఏళ్ల తరబడి నడిస్తే, ఒక పారితోషికమే అన్నేళ్లకు పరుచుకుంటుంది.

సీరియళ్లలో రోజు లెక్కనో, ఎపిసోడ్ లెక్కనో ఇస్తారు. ముంబై టీవీ రంగంలో పని చేసిన 90 రోజుల తర్వాత డబ్బు ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు చిన్న నటులు ఈ పద్ధతి వల్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. దాన్ని తగ్గించాలని నటుల సంఘం అప్పుడు గట్టిగా అడిగింది.

కోటి రూపాయలు ఒప్పుకుంటే చేతిలో మిగిలేది ఎంత?

ఇది టబు లెక్క కాదు. ఎవరికైనా వర్తించే ఉదాహరణ. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పన్ను విధానం ప్రకారం వేసిన లెక్క ఇది. ఆ ఏడాది ఆమెకు ఇదొక్కటే ఆదాయం అనుకుందాం.

ఒప్పందం: 1 కోటి
18 శాతం జీఎస్టీ: 18 లక్షలు. ఇది నిర్మాత అదనంగా ఇస్తాడు, ఆమె ప్రభుత్వానికి కడుతుంది. ఆదాయం కాదు
మేనేజర్ కమీషన్ 10 శాతం అనుకుంటే: 10 లక్షలు
మేకప్, హెయిర్, అసిస్టెంట్, బట్టలు, ప్రయాణాలు అనుకుంటే: 10 లక్షలు
పన్ను పడే ఆదాయం: 80 లక్షలు
సర్‌ఛార్జీ, సెస్‌తో కలిపి పన్ను: సుమారు 22.65 లక్షలు
మిగిలేది: సుమారు 57.35 లక్షలు

నిర్మాత ముందే 10 శాతం, అంటే 10 లక్షలు టీడీఎస్‌గా పట్టుకుంటాడు. పన్నులో అది తీసేస్తే ఇంకో 12.65 లక్షలు ఆమె కట్టాలి. వచ్చిందంతా తనదే అనుకుని ఖర్చు పెట్టేసినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. తర్వాతి ఏడాది సినిమా లేకపోతే ఆ 57 లక్షలే రెండేళ్ల సంపాదన. నెలకు లెక్కేస్తే 2.39 లక్షలు. తక్కువేం కాదు, కానీ కోటి అనగానే మన మనసులో మెదిలే బొమ్మకీ దీనికీ చాలా తేడా ఉంది.

సిబ్బంది ఖర్చు ఎవరు భరించాలన్నది కూడా చిన్న విషయం కాదు. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి చర్చలు జరిపినప్పుడు, నటుల వ్యక్తిగత సిబ్బంది ఖర్చు కూడా అందులో ఒక అంశం.

ఈ లెక్కతో చూస్తే టబు కెరీర్‌లో అసలు విలువ ఏ ఒక్క సినిమా పారితోషికంలోనూ లేదు. 1985 నుంచి 2024 దాకా 39 ఏళ్లు పని దొరుకుతూ ఉండటంలో ఉంది. ఒక భాషలో అవకాశాలు తగ్గితే ఇంకో భాషలో చేశారు. హీరోయిన్ వేషాలు ఆగిపోతే తల్లిగా, పోలీసుగా చేశారు.

పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకు

సినిమాలు, సీరియళ్లు మన అమ్మాయిలకు తగినవా కాదా అన్నది ఏ ఇంటికి ఆ ఇల్లు తేల్చుకునే విషయం. ఒప్పుకునే ఇళ్లవాళ్లు ఈ నాలుగు తెలుసుకోవాలి.

1. అవకాశం ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, అడగరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ఫోటోల ఖర్చు, శిక్షణ రుసుము కట్టండి, వేషం ఖాయం అంటే అక్కడితో ఆపేయాలి.

2. ఎన్ని రోజుల పని, ఎంత డబ్బు, ఎప్పుడు ఇస్తారు, షూటింగ్ ఆగిపోతే ఏంటి.. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. డబ్బు బ్యాంకు ఖాతాలోకే తీసుకోవాలి.

3. టీడీఎస్ పట్టుకున్నామని చెబితే అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తీసి చూసుకోండి. ఆదాయం తక్కువైతే రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు.

4. 14 ఏళ్లలోపు పిల్లలకు చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. చదువు ఆగకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. టబు 'బాజార్'లో కనిపించిన రోజుల్లో ఈ నియమం లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి, షూటింగ్‌కి ముందే అనుమతి కాగితం, ఆ తర్వాత డిపాజిట్ రసీదు అడిగి తీసుకోండి.