హాస్టల్ ఫీజు కట్టిన మనిషికి నెలకో ఉత్తరం: ‘డాడీ లాంగ్ లెగ్స్’ కథా, దాని వెనకున్న చరిత్రా

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక నవల ఉంది. 1912లో అమెరికాలో వచ్చింది, రాసినావిడ పేరు జీన్ వెబ్‌స్టర్. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఫోన్‌లోనే చదివేయొచ్చు. నేనూ అలాగే చదివాను, బీటెక్ థర్డ్ ఇయర్‌లో, హాస్టల్ పై బెడ్ మీద పడుకుని, రాత్రి రెండింటి దాకా. ముందే చెప్తున్నా, కథ చివరిదాకా చెప్పేస్తాను. స్పాయిలర్ వద్దనుకునేవాళ్ళు చదివేసి రండి, నేనెక్కడికీ పోను.

కథ ఇది. జెరూషా అబట్ అని ఒక అనాథ అమ్మాయి. ఆ పేరు కూడా ఆమెది కాదు. ఇంటిపేరు టెలిఫోన్ డైరెక్టరీ మొదటి పేజీలోంచి, అసలు పేరు ఏదో సమాధి రాయి మీంచి తీసి పెట్టింది అనాథాశ్రమం మేట్రన్. ప్రతి నెలా మొదటి బుధవారం ట్రస్టీలు వస్తారు, ఆ రోజంతా పిల్లలకి నరకం. దాని మీద జెరూషా వెటకారంగా ఒక వ్యాసం రాస్తుంది. అది విని ఒక ట్రస్టీకి నవ్వొచ్చి, ఈ అమ్మాయి రచయిత్రి అవుతుంది, కాలేజీ ఖర్చంతా నేను పెట్టుకుంటాను అంటాడు. నెలకి 35 డాలర్లు పాకెట్ మనీ కూడా. షరతు ఒకటే. నెలకో ఉత్తరం రాయాలి. ఆయన పేరు తెలియదు, జవాబు రాయడు. బ్లూ టిక్ కూడా రాని చాట్ అనుకోండి. ఆ అమ్మాయి చూసిందల్లా కారు హెడ్‌లైట్ల వెలుగులో గోడ మీద పడిన పొడుగు కాళ్ళ నీడ. పొడుగు కాళ్ళతో సాలీడులా ఉండే ఒక పురుగుని అమెరికాలో డాడీ లాంగ్ లెగ్స్ అంటారు. ఆయనకి ఆ పేరు పెట్టేసుకుంది. తన పేరు కూడా జూడీ అని తనే మార్చుకుంది. పుస్తకమంతా దాదాపు ఆ ఉత్తరాలే.

నాకు మొదట పట్టేసిన సీన్ ఇది. ఇంగ్లీష్ క్లాసులో మైకెలాంజెలో మాట వస్తే జూడీ ఆయనెవరో దేవదూత అనుకుంటుంది. క్లాసంతా నవ్వేస్తుంది. మిగతా అమ్మాయిలంతా చిన్నప్పుడు ‘లిటిల్ విమెన్’ చదివారు, ఈమె చదవలేదు. ఎవరికీ చెప్పకుండా పాకెట్ మనీతో కొనుక్కుని గదిలో కూర్చుని చదువుకుంటుంది. తెలుగు మీడియం నుంచి ఇంజనీరింగ్‌కి వచ్చినవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఫస్ట్ ఇయర్‌లో అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని, జోక్ ఏంటో రాత్రి గూగుల్‌లో వెతుక్కునేదాన్ని.

సరే, ఇప్పుడు చరిత్రకి వద్దాం. అసలు ఆడపిల్ల కాలేజీకి వెళ్తే కథ ఎందుకయ్యింది?

జీన్ వెబ్‌స్టర్ చదివింది వాసర్ కాలేజీలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పకీప్సీ ఊళ్ళో. మాథ్యూ వాసర్ అనే బీరు వ్యాపారి డబ్బుతో 1861లో స్థాపించారు, 1865లో క్లాసులు మొదలయ్యాయి. ఎనిమిదేళ్ళకే, 1873లో హార్వర్డ్‌తో సంబంధం ఉన్న ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టర్ ఒక పుస్తకం అచ్చేశాడు. ఆడపిల్లలు ఆ వయసులో మగపిల్లల్లా చదివితే శరీరంలో శక్తంతా మెదడుకి పోయి గర్భాశయం సరిగ్గా ఎదగదు అని ఆయన వాదన. చూపించిన ఆధారం? వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కేసులు. కానీ పుస్తకం తెగ అమ్ముడైంది, ఎందుకంటే తల్లిదండ్రుల మనసులో ముందే ఉన్న భయానికి డాక్టర్ సంతకం దొరికింది. చివరికి 1885లో చదువుకున్న మహిళల సంఘం ఒకటి గ్రాడ్యుయేట్లకి ప్రశ్నలు పంపి, జవాబులు లెక్కలు కట్టి, మా ఆరోగ్యం బాగానే ఉంది మహాప్రభో అని రిపోర్ట్ ఇవ్వాల్సి వచ్చింది. డేటాతో కొట్టారన్నమాట.

మరుసటి ఏడాదే, 1886లో, హెలెన్ డాస్ బ్రౌన్ ‘టూ కాలేజ్ గర్ల్స్’ నవల వేసింది. అమ్మాయిల కాలేజీ కథల్లో తొలితరం పుస్తకమది. ఆ మొదటి కథలన్నిటి మీదా ఒక బరువు ఉంటుంది. మా అమ్మాయిలు జబ్బు పడరు, చెడిపోరు, పెళ్ళికి పనికిరాకుండా పోరు అని ప్రతి పేజీలో నిరూపించుకోవాలి. నిజం చెప్పాలంటే చదవడానికి కొంచెం బోరే. వెబ్‌స్టర్ 1901లో గ్రాడ్యుయేట్ అయి, 1903లో ‘వెన్ పాటీ వెంట్ టు కాలేజ్’ రాసేసరికి ఆ బరువు తగ్గింది. పాటీ అల్లరి పిల్ల, లెక్చరర్లని బోల్తా కొట్టిస్తుంది. నిరూపించుకోవాల్సిన పని లేని హీరోయిన్.

కానీ చదువుకోనివ్వడం వేరు, మాట్లాడనివ్వడం వేరు. అప్పటి వాసర్ ప్రెసిడెంట్ జేమ్స్ మన్రో టేలర్ క్యాంపస్‌లో స్త్రీల ఓటు హక్కు మీటింగులు పెట్టకూడదన్నాడు. 1908లో ఇనెజ్ మిల్‌హాలండ్ అనే స్టూడెంట్ ఏం చేసిందో తెలుసా? క్యాంపస్ పక్కనే శ్మశానం ఉంది, అది కాలేజీ స్థలం కాదు. ఓ నలభై మందిని అక్కడికి తీసుకెళ్ళి సమాధుల మధ్య మీటింగ్ పెట్టేసింది. షార్లట్ పెర్కిన్స్ గిల్‌మన్, బట్టల ఫ్యాక్టరీ కార్మికుల నాయకురాలు రోజ్ ష్నైడర్‌మన్ లాంటివాళ్ళు వచ్చి మాట్లాడారు. నాకైతే దీని మీదే ఒక సినిమా తియ్యొచ్చనిపిస్తుంది. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన నవలలో జూడీ, అసలు ఆడవాళ్ళు పౌరుల లెక్కలోకి వస్తారా అని ఒక ఉత్తరంలో సరదాగా అడుగుతుంది. సరదా కాదది. దేశమంతటా అమెరికన్ ఆడవాళ్ళకి ఓటు వచ్చింది 1920లో. మన దగ్గర చూస్తే, మద్రాసు నగరంలో తొలి మహిళా కాలేజీ, తర్వాత క్వీన్ మేరీస్ అయ్యింది, మొదలైంది 1914లో. అంటే ఈ నవల వచ్చిన రెండేళ్ళకి.

ఇక అసలు గొడవ. జూడీ రూమ్మేట్ల గుంపులో జూలియా అని డబ్బున్న అమ్మాయి. వాళ్ళ బాబాయి జెర్విస్, జూడీ కంటే పద్నాలుగేళ్ళు పెద్ద. వస్తుంటాడు, టీ తాగిస్తాడు, పుస్తకాల గురించి మాట్లాడతాడు. మీరు ఊహించిందే. ఆయనే డాడీ లాంగ్ లెగ్స్. జూడీకి తప్ప అందరికీ తెలిసిపోతుంది. చివరికి పెళ్ళి.

చాలామంది ఇక్కడ ఆగి, ఛీ ఇదేంటి, డబ్బు కట్టినవాడే ప్రేమించడమేంటి, ఆమె ఉత్తరాలన్నీ చదువుతూ మొహం చూపించకపోవడమేంటి అంటారు. నేనూ కాదనను. ఆ ముసుగు నాకూ నచ్చదు. ఒక సమ్మర్‌లో ఫ్రెండ్ కుటుంబం అడిరాండాక్ కొండల్లో క్యాంప్‌కి పిలిస్తే, సెక్రటరీ చేత ఒక్క లైను రాయిస్తాడు. వెళ్ళొద్దు, పొలం ఇంటికి వెళ్ళు. కారణం లేదు. కారణం ఏంటంటే అక్కడ ఫ్రెండ్ వాళ్ళ అన్నయ్య ఉంటాడు!

కానీ నాకు ఆ పెళ్ళి కంటే మధ్యలో జరిగే లెక్కలు ముఖ్యం. టోపీల కోసం ఆయన 50 డాలర్ల చెక్కు పంపితే వెనక్కి పంపేస్తుంది. స్కాలర్‌షిప్ వస్తే వద్దనమంటాడు, తీసేసుకుంటుంది, కావాలంటే ఆ డబ్బుతో ఇంకో అమ్మాయిని చదివించండి అంటుంది. యూరప్ ట్రిప్ ఇస్తానంటే వద్దని ట్యూషన్లు చెప్పడానికి వెళ్తుంది. మరుసటి సమ్మర్‌లో అదే క్యాంప్‌కి వెళ్తుంది కూడా. మొదటి నవల రిజెక్ట్ అయితే తీసుకెళ్ళి ఫర్నేస్‌లో పడేస్తుంది. రెండోది అమ్ముడయ్యాక 1000 డాలర్ల చెక్కు రాసి డాడీకి పంపుతుంది, మిగతాది తర్వాత తీరుస్తానంటుంది. అప్పటికి ఆయనెవరో ఆమెకి తెలియదు. చివరి పేజీలో ప్రేమకథ ఉండొచ్చు గానీ, జూడీ పెద్దదైంది మాత్రం ఆ చెక్కు దగ్గరే అని నా లెక్క.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే చెప్తాను. నాకు కాలేజీ ఫీజుకి రీయింబర్స్‌మెంట్ వచ్చింది, హాస్టల్ ఫీజుకి రాలేదు. అది మా మావయ్య కట్టాడు, నాలుగేళ్ళూ. మంచి మనిషి, ఒక్కనాడూ లేటు చెయ్యలేదు. థర్డ్ ఇయర్ సమ్మర్‌లో నాకు బెంగళూరులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. మావయ్య నాకు ఫోన్ చెయ్యలేదు, అమ్మకి చేశాడు. “దాన్ని పంపొద్దక్కా” అన్నాడంట, అంతే. కారణం అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను వెళ్ళలేదు. జూడీలా కనీసం కోపంగా ఒక ఉత్తరం కూడా రాయలేదు. “సరే మావయ్యా” అని మెసేజ్ పెట్టి, దండం పెట్టే ఎమోజీ కూడా పెట్టాను. ఆ వారమే ఈ పుస్తకం దొరికింది.

వెబ్‌స్టర్‌కి డబ్బు సంగతి బాగా తెలుసు. వాళ్ళమ్మ మార్క్ ట్వేన్‌కి మేనకోడలు, నాన్న చార్లెస్ వెబ్‌స్టర్ ఆయన పబ్లిషర్. ‘హకల్‌బెరీ ఫిన్’ వేసింది ఆయనే. తర్వాత బంధువుల మధ్య వ్యాపారం చెడింది, నాన్న కంపెనీ నుంచి బయటికొచ్చి 1891లో చనిపోయాడు. అప్పటికి ఈమెకి పదిహేనేళ్ళు నిండలేదు. బంధువుల డబ్బుతో బతకడం ఎలా ఉంటుందో ఇంట్లోనే చూసింది. కాలేజీలో ఎకనామిక్స్ చదువుతూ అనాథాశ్రమాలకీ వెళ్ళొచ్చింది. 1914లో నవలని నాటకం చేస్తే పెద్ద హిట్ అయ్యింది, జూడీ బొమ్మలు అమ్మి అనాథ పిల్లల్ని దత్తత ఇప్పించడానికి నిధులు పోగేశారు. ఆమె చాలా ఏళ్ళు ప్రేమించిన మనిషికి అప్పటికే పెళ్ళైంది, విడాకులు వచ్చాక 1915లో పెళ్ళి చేసుకున్నారు. 1916 జూన్‌లో ఆడపిల్ల పుట్టింది. మర్నాడే వెబ్‌స్టర్ చనిపోయింది. 39 ఏళ్ళు. క్లార్క్ డాక్టర్‌గారు బతికుంటే దాన్ని కూడా చదువు ఖాతాలోనే రాసేవాడేమో.

నా విషయం చెప్పి ముగిస్తాను, కామెంట్లలో అడుగుతారు ఎలాగూ. ఉద్యోగం వచ్చిన రెండో ఏడాది, నాలుగేళ్ళ హాస్టల్ ఫీజు లెక్కేసి, మొత్తం మావయ్య అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేశాను. మూడు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఉద్యోగం మానేసి వీడియోలు చేస్తానన్నప్పుడు కూడా ఏమీ అనలేదు. మొన్న సంక్రాంతికి వెళ్తే అత్తయ్య వంటింట్లో మెల్లగా చెప్పింది. ఆ డబ్బు ముట్టుకోలేదంట, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి నామినీగా నా పేరు రాశాడంట. ఎందుకలా చేశారని మావయ్యని అడగాలని హాల్లోకి వెళ్ళాను. ఆయన టీవీ సౌండ్ కొంచెం పెంచి, “అరిసెలు తిన్నావా?” అన్నాడు.