లారీ పట్టా, దబ్బనం, ఒక పాత లెక్క

మా వీధి చివరి ఇంట్లో ఒక పాత మిలిటరీ లారీ ఉంది. ఇనుము అంతా గట్టిగానే ఉంది. పాడైపోయింది పైన కప్పే గుడ్డ. 2022 చలికాలంలో, అంటే ఇక్కడి జూన్, జూలై నెలల్లో, ఆ గుడ్డని బాగు చేయడానికి నేను సాయం చేశాను. ఆ పనిలో ఆస్ట్రేలియా చరిత్ర కొంచెం తెలిసింది, మరిచిపోయిన తెలుగు మాటలు కొన్ని తిరిగి వచ్చాయి. రెండూ మీతో పంచుకుంటాను.

నా తెలుగు సంగతి మీకు తెలుసు. కాన్వెంట్‌లో చదివాను, తెలుగు ఇంట్లో మాట్లాడటం వరకే. రాయడం అరవై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ముందు మాట గురించి. లారీ మీద, ధాన్యం రాశి మీద కప్పే మందపాటి గుడ్డని మా గుంటూరు వైపు పట్టా అంటారు. ఇల్లు, పొలం మీద హక్కు ఇచ్చే కాగితం కూడా పట్టానే. రైలు నడిచేది కూడా పట్టాల మీదే. సందర్భం చూసి అర్థం చేసుకోవాలి. కొన్ని ఊళ్లలో బరకం అంటారు, కొన్నిచోట్ల టార్పాలిన్ అనే అంటారు. టార్ అంటే తారు. పూర్వం ఓడల మీద సరుకు తడవకుండా గుడ్డకి తారు పూసి కప్పేవారు, అందుకే ఆ పేరు. కాన్వాస్ అనే మాట గంజాయి మొక్క లాటిన్ పేరు నుంచి వచ్చింది. కంగారు పడకండి, ఆ మొక్క నారతో ఒకప్పుడు తెరచాపలు నేసేవారు. మేము బాగు చేసిన పట్టా మాత్రం నూలుది.

ఇప్పుడు లారీ సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యం కెనడా నమూనా లారీలు చాలా వాడింది. వాటిని ఇక్కడి వాళ్లు బ్లిట్జ్ అని పిలిచేవారు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ మీద బాంబులు వేశాయి. ఆ ఊరికి అప్పట్లో దక్షిణం నుంచి నేరుగా రైలు లేదు. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఒక రైలు దారి ఆగిపోయేది. మళ్లీ రైలు దొరికేది దాదాపు 1000 కిలోమీటర్ల అవతల. ఆ మధ్యలో సైనికులు, తిండి, మందుగుండు అన్నీ లారీల మీదే వెళ్లాయి. దారంతా ఎర్ర దుమ్ము. బియ్యం బస్తాలో ఆ దుమ్ము పడకుండా ఆపింది ఇంజన్ కాదు కదా, పైన ఉన్న గుడ్డ!

యుద్ధం తరువాత సైన్యం తన అవసరాలకి తగిన లారీని ఇక్కడే తయారు చేయించుకుంది. సైన్యం ఇంజనీర్లు రూపం ఇచ్చారు. ట్రాక్టర్లకి పేరున్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ, మెల్‌బోర్న్ పక్కన ఉన్న డాండెనాంగ్ ఫ్యాక్టరీలో తయారు చేసింది. 1959 నుంచి వచ్చిన మార్క్ 3 రెండున్నర టన్నుల లారీ. నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందుతుంది. డ్రైవర్ ఇంజన్ మీదే కూర్చున్నట్టు ఉంటుంది. తరువాత ఆరు చక్రాల మార్క్ 5 వచ్చింది, అది ఐదు టన్నులది. ఈ నమూనా నుంచే మామూలు జనం వాడే లారీలు కూడా పుట్టాయి. ఆస్ట్రేలియాలో ఉండేవాళ్లు ఆకో అని రాసి ఉన్న చెత్త లారీని చూసే ఉంటారు. దానికి ఇది పెద్దన్నయ్య లాంటిది.

మా వీధిలో ఉన్నది మార్క్ 3. దాని యజమానికి ఎనభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. ఆయన వియత్నాం వెళ్లి వచ్చినవాడు. అప్పట్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లని లాటరీ తీసి సైన్యంలోకి తీసుకునేవారు. పుట్టిన తేదీలు రాసిన గోళీలని ఒక పీపాలో వేసి తిప్పేవారు. మీ తేదీ వస్తే రెండేళ్లు సైన్యంలో పని చేయాలి. 1965 నుంచి 1972 దాకా 63 వేలకు పైగా కుర్రాళ్లు అలా వెళ్లారు. వాళ్లలో 15 వేలకు పైగా వియత్నాం చేరారు. ఆస్ట్రేలియా సైన్యం శిబిరం నుయ్ దాత్ అనే చోట, సరుకు దిగే రేవు వుంగ్ తావ్‌లో. మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఈ ఇంటర్నేషనల్ లారీలు ఆ దారిలో తిరిగాయి. మా పెద్దాయన కూడా అలాంటి లారీలో, అలాంటి పట్టా కింద కూర్చుని వెళ్లాడు. ఇప్పుడు ఉన్నది ఆ లారీయే కాదు. సైన్యం వేలం వేసినప్పుడు దొరికిన ఇంకొకటి.

పట్టాని నలుగురం కలిసి కిందికి దించాం. దాని కింద అర్ధచంద్రంలా వంగిన ఇనుప కమానులు ఉన్నాయి. నాకు వెంటనే తాతయ్య గూడు బండి గుర్తొచ్చింది. అక్కడ వెదురు బద్దలు, ఇక్కడ ఇనుము. ఆలోచన ఒక్కటే.

పెద్దాయన కొడుకు ప్లాస్టిక్ పట్టా కొనేద్దాం అన్నాడు. చౌక, తేలిక, నీరు దిగదు. నిజమే. కానీ ప్లాస్టిక్ గాలి ఆడనివ్వదు, లోపల చెమ్మ పట్టి ఇనుము తుప్పు పడుతుంది. నూలు గుడ్డ గాలి పీల్చుకుంటుంది. వాన పడితే దారాలు ఉబ్బి మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. దానికి తోడు మైనపు పూత ఉంటుంది. సబ్బుతో ఉతికితే ఆ పూత పోతుంది, కాబట్టి నీళ్లు, మెత్తని బ్రష్ తప్ప ఏమీ వాడకూడదు. తడిగా చుట్టి పెడితే బూజు పడుతుంది. ఈ పట్టా అలాగే పాడైంది.

కుట్టడం నాకు వచ్చు అనుకున్నాను. నా కుట్టు మిషన్ సూది రెండో కుట్టుకే విరిగింది. చేత్తో కుట్టాలి, పొడవాటి లావు సూదితో. ఆ సూదికి తెలుగులో పేరు ఉందని తెలుసు, నోటికి రాలేదు. గుంటూరులో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను.

"దబ్బనం! తాతయ్య మిర్చి బస్తాలు కుట్టించేవాడు కదుటే, మర్చిపోయావా?" అన్నాడు.

మర్చిపోయాను. యాభై ఏళ్లు ఆ మాట నా నోట రాలేదు. దబ్బనం, పురికొస, మైనం, మాసిక. చిరుగు మీద వేసే గుడ్డ ముక్క మాసిక. ఒక్క ఫోన్‌లో నాలుగు మాటలు వచ్చాయి.

మాసిక వేయడానికి పద్ధతి ఉంది. కుళ్లిన అంచు అంతా కత్తిరించి గట్టి గుడ్డ దాకా వెళ్లాలి. ముక్క చిరుగు కంటే పెద్దగా ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి. మాసిక నేత దారాలు పట్టా దారాల వైపే సాగాలి, లేకపోతే లాగినప్పుడు ముడతలు పడతాయి. పై అంచు మాత్రం పాత గుడ్డ కిందికి పోవాలి, పెంకుల కప్పు లాగా. అప్పుడే నీరు దాని మీద నుంచి జారిపోతుంది. దారానికి మైనం రాసి కుట్టాం.

కష్టం వచ్చింది వెనక మూల దగ్గర. అక్కడ గుడ్డ లోపలి వైపు పెన్నుతో గీసిన గీతలు ఉన్నాయి. నాలుగు నిలువు, ఒక అడ్డం. మళ్లీ నాలుగు, ఒక అడ్డం. ఎవరో సైనికుడు ఇంటికి వెళ్లడానికి ఇంకా ఎన్ని రోజులో లెక్క పెట్టుకున్నాడు. ఎవరో మాకు తెలియదు. సరిగ్గా అక్కడే గుడ్డ కుళ్లింది. నేను కత్తెర పట్టుకున్నాను. పెద్దాయన నా చెయ్యి ఆపాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నేను కూడా గీశాను" అన్నాడు. అంతే.

ఆ ముక్కని పారేయలేదు. జాగ్రత్తగా కత్తిరించి, కొత్త మాసిక లోపలి వైపు, బరువు పడని చోట అస్తరులా కుట్టాను. బయటి నుంచి కనబడదు. లోపల కూర్చున్నవాళ్లకే కనబడుతుంది, మొదట ఉన్నట్టుగానే.

ఒక తప్పు నాది, చెప్పాలి. మొదటిసారి కప్పినప్పుడు తాళ్లని నేను బిగించి కట్టాను. ఆ రాత్రి వాన పడింది. నార తాడు తడిస్తే కురచ అవుతుంది. పొద్దున చూస్తే మూడు ఇత్తడి కన్నాలు ఊడి వచ్చాయి. వానకి ముందు తాడు కొంచెం వదులు చేయాలి. ఈ సంగతి మా తాతయ్య బండివాడికి తెలుసు, పెద్దాయనకి తెలుసు, నాకు తెలియదు. మళ్లీ రెండు ఆదివారాలు కుట్టాను.

అక్టోబర్‌లో విక్టోరియా ఉత్తరాన వరదలు వచ్చాయి. రోచెస్టర్, షెపర్టన్ వైపు చాలా ఇళ్లు మునిగాయి. నీరు తగ్గాక మా గుడి వాలంటీర్లం బియ్యం, పప్పు, దుప్పట్లు పోగు చేశాం. పాత వాహనాల అనుమతి మీద ఈ లారీని ఏడాదిలో కొన్ని రోజులే నడపాలి, ప్రతి రోజునీ పుస్తకంలో రాయాలి. పెద్దాయన ఆ పుస్తకం తీసి తేదీ రాశాడు. నేను ముందు కూర్చున్నాను. దారిలో సగం దూరం వానే. షెపర్టన్‌లో వెనక తలుపు దించి మొదట దుప్పట్లు తాకి చూశాను. పొడిగా ఉన్నాయి.

మ్యూజియంలో ఇనుము మిగులుతుంది. గుడ్డ కుళ్లిపోతుంది, పారేస్తాం. కానీ మనుషులు కూర్చున్నది ఆ గుడ్డ కింద. మాటలు కూడా అంతే అనిపిస్తుంది నాకు. వాడకుండా చుట్టి పెడితే బూజు పడతాయి.

మీ ఇంట్లో దీన్ని పట్టా అంటారా, బరకం అంటారా? లావు సూదిని ఏమంటారు? పెద్దవాళ్లని అడగండి. వాళ్లు ఉండగానే అడగండి.