కోట గోడ నుంచి గవ్వల తీరానికి

బోర్లించిన కుప్పలోంచి ఒక అట్ట పలక తీస్తారు. దాని మీద ఒక పక్క ఇసుక ఒడ్డు, ఇంకో పక్క నీలి సముద్రం, నీళ్ల మీదుగా ఓ కర్ర వంతెన. బల్ల మీద అప్పటికే పరిచిన పలకల పక్కన దాన్ని ఆనించాలి. నీళ్లకు నీళ్లు, ఒడ్డుకు ఒడ్డు, వంతెనకు వంతెన కలవాలి. ఆ పలక మీద మీ పావును నిలబెట్టుకోవచ్చు. వంతెన పూర్తయితే గవ్వలు, దీవి పూర్తయితే అరటిపళ్లు, సముద్రం చుట్టూ ఒడ్డు మూసుకుంటే చేపలు. అన్నీ చెక్కవే. వాటిని ఓడలకెక్కిస్తే పాయింట్లు. 2013లో జర్మనీలో వచ్చిన ‘కార్కసాన్: సౌత్ సీస్’ ఆట ఇంతే. మన అష్టాచెమ్మాలో గవ్వలు పందెం చెబుతాయి, ఇక్కడ గవ్వలే సరుకు.

చూడటానికి పిల్లల ఆటే. కానీ అంచుకు అంచు కలవాలన్న ఆ ఒక్క నియమం వెనక చాలా పాత కథ ఉంది.

మొదట డొమినోలు. చైనాలో సోంగ్ వంశపు రాజుల నాటికే వీటి ప్రస్తావన ఉంది. ఐరోపాలో 18వ శతాబ్దంలో ఇటలీలో కనిపించాయి. చుక్కకు చుక్క కలుపుతూ వరస పెంచడమే ఆట. అయితే డొమినోకు ఉన్నవి రెండే కొసలు. నాలుగు వైపులా కలవాలంటే?

ఆ లెక్క తేల్చినవాడు ఓ సైనికుడు. పర్సీ అలెగ్జాండర్ మెక్‌మహన్ 1854లో మాల్టాలో పుట్టాడు. బ్రిటిష్ ఫిరంగి దళంలో చేరి 1873లో మన దేశానికి వచ్చాడు. జబ్బుచేసి తిరిగి వెళ్లాక గణితంలో పడ్డాడు. మేజరు హోదా మాత్రం పేరుకు అంటుకునే ఉండిపోయింది. రంగుల పలకలతో ఆడే ఆటలకు 1892లో తోటి మేజరుతో కలిసి పేటెంటు తీసుకున్నాడు. 1921లో ఈ వినోదాల మీద ఏకంగా పుస్తకమే వేశాడు. అందులో అందరికీ నచ్చే తమాషా ఒకటుంది. చదరాన్ని రెండు కర్ణాలతో నాలుగు ముక్కోణాలుగా విడదీసి, మూడు రంగులతో నింపండి. తిప్పి చూస్తే ఒకటేననిపించే వాటిని వదిలేస్తే సరిగ్గా 24 చదరాలు మిగులుతాయి. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఈ మేజరు గారు మనకు ఇంకో దారిలో చుట్టమే. ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా విడగొట్టి కూడవచ్చో చెప్పే సూత్రాన్ని శ్రీనివాస రామానుజన్, ఇంగ్లండు గణితవేత్త హార్డీ కనిపెట్టి 1918లో ప్రచురించారు. ఆ సూత్రం నిలుస్తుందా లేదా అని సరిచూడటానికి ఆధారం మెక్‌మహన్ చేత్తో కట్టిన పట్టికే. 200 దాకా ఒక్కో సంఖ్యకూ లెక్క కట్టాడాయన. 200కి వచ్చిన జవాబు 39,72,99,90,29,388. కాలిక్యులేటర్ లేని రోజుల్లో! పలకలు పేర్చడం ఆయనకు కాలక్షేపమంటే నేను నమ్మను. రెండు పనుల్లోనూ ఉన్నది ఒకటే ప్రశ్న: ఎన్ని విధాలుగా?

మెక్‌మహన్ పలకల్లో రంగులున్నాయి గానీ ఊళ్లు లేవు. ఆ ఊళ్లు క్లౌస్-యూర్గెన్ వ్రేదె పుణ్యం. జర్మనీలో సంగీతం పాఠాలు చెప్పే టీచరు. దక్షిణ ఫ్రాన్సులోని కార్కసాన్ కోట చూసొచ్చాక ఆయనకు అసలు ‘కార్కసాన్’ ఆట తట్టింది. 1209లో క్రూసేడు సైన్యానికి లొంగిన కోట అది. 1853 నుంచి వాస్తుశిల్పి వియొలె-ల్-ద్యుక్ చేతుల మీదుగా బాగుపడింది. బురుజుల మీది ఆ కోసు కప్పులు అసలువి కావని ఇప్పటికీ దెప్పుతుంటారు. 1997లో యునెస్కో జాబితాకెక్కింది. వ్రేదె ఆటను మ్యూనిక్‌కు చెందిన హన్స్ ఇమ్ గ్లుక్ సంస్థ 2000లో విడుదల చేసింది. మరుసటి ఏడాదే ‘ష్పీల్ డెస్ యారెస్’ పురస్కారం వచ్చింది. జర్మనీలో ఆటలకు అంతకు మించిన గౌరవం లేదు. 72 పలకలు, కోటలు, దారులు, మఠాలు. ఆటలోని చెక్క మనిషికి ఇంగ్లిషులో ‘మీపుల్’ అని పేరు పడింది. ‘నా మనుషులు’ అనే రెండు ఇంగ్లిషు మాటలు అతికితే పుట్టిన పదమది. ఇప్పుడు ఏ ఆటలో చెక్క పావునైనా అలాగే పిలుస్తున్నారు.

అసలు ఆటలో చిక్కంతా రైతుతోనే. పొలంలో వెల్లకిలా పడుకోబెట్టిన పావు ఆట ముగిసేదాకా లేవదు. ఆఖర్న దాని లెక్క కట్టేటప్పుడు ఇంట్లో గొడవ ఖాయం. సౌత్ సీస్‌లో పొలం లేదు, రైతూ లేడు. ఒకరి దీవిని ఇంకొకరు కలిపేసుకోవడం ఇక్కడా ఉంది గానీ, పోయేది నాలుగు అరటిపళ్లు. కోట పోయినంత బాధుండదు. నా ఓటు దీనికే. బొమ్మల మీదే ఒక ఫిర్యాదు. పసిఫిక్ దీవులంటే అరటిపళ్లూ ఎండా అనుకునే యూరపు ఊహ ఇది. ఆ తీరాలకు వచ్చిన ఓడలు సరుకు కొనుక్కుని బుద్ధిగా వెళ్లిపోలేదు.

ఈ డబ్బా దొరక్కపోయినా పర్వాలేదు. పాత పెళ్లి శుభలేఖల అట్టలు తీసి మెక్‌మహన్ 24 చదరాలు కత్తిరించండి, మూడు రంగుల పెన్సిళ్లు పిల్లల చేతికివ్వండి. ఆరు వరుసలుగా, వరుసకు నాలుగు చొప్పున పేర్చాలి. ఆనుకున్న అంచుల్లో ఒకే రంగుండాలి, బయటి అంచు చుట్టూ కూడా ఒకటే రంగు రావాలి. దారి ఉంది, ఒకటి కాదు, వేలల్లో ఉన్నాయి. మొదటిది దొరకడానికే ఒక ఆదివారం సరిపోకపోవచ్చు.