విచారణ రిజిస్టర్లు (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ)

కతోలిక కుటుంబాల పూర్వీకులను వెతకడానికి విచారణ గుడుల్లోని జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లే ప్రధాన ఆధారం. ఈ పట్టణాలు 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనంలోనివి. అంతకుముందు తరాల కోసం గుడి అప్పట్లో ఏ మేత్రాసనం కింద ఉండేదో ముందు తేల్చుకోవాలి. కోదాడ పక్కనున్న మునగాల పరగణా ఒకప్పుడు కృష్ణా జిల్లాలోది కాబట్టి, అక్కడివారు కృష్ణా వైపు గుడుల్లోనూ వెతకడం మంచిది.

అన్నిటిలో విలువైనది జ్ఞానస్నాన రిజిస్టరు. బిడ్డ పేరు, తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ఒకే వరుసలో ఉంటాయి. 1908లో అమలైన నిబంధనతో, ఎక్కడ పెళ్లయినా ఆ వివరం ఇదే పద్దు పక్కన మార్జిన్‌లో చేరాలి. ఆ చిన్న రాత పెళ్లి జరిగిన ఊరిని పట్టిస్తుంది. పాత పద్దులు లాటిన్‌లో ఉంటే ఇంట్లో రాయప్ప అక్కడ పెత్రుస్ కావచ్చు. ఇంటిపేరు లేకపోతే జ్ఞాన తల్లిదండ్రుల పేర్లతో పోల్చి చూడాలి.

విచారణ గురువును అడగడంతోనే పని మొదలవుతుంది.