గౌతమీ తీరాన పరలోక నిరీక్షణ

రక్షణ పొందినవారు మరణించాక ఎక్కడ ఉంటారు, కాలాంతంలో ఎక్కడ స్థిరపడతారు అనే ప్రశ్నకు క్రైస్తవం చెప్పే సమాధానాన్ని తెలుగునాట సాధారణంగా ‘పరలోకం’ అనే ఒక్క మాటతో ముగించేస్తారు. శరీరంతో గానీ నేలతో గానీ సంబంధం లేకుండా పైన ఎక్కడో మేఘాల మీద ఉండే లోకమని ఆ మాటకు అర్థం చెప్పుకోవడం క్రైస్తవేతరులకే కాదు, చాలామంది క్రైస్తవులకూ అలవాటే. అయితే గోదావరి తూర్పు డెల్టాలో, ముఖ్యంగా గౌతమి ఎడమ గట్టున ఉన్న ఆలమూరు పరిసరాల్లో, ఈ విశ్వాసం వేళ్లూనుకున్న తీరును పరిశీలిస్తే, ఇంటితోనూ ఒంటితోనూ నేలతోనూ నీటితోనూ ముడిపడిన నిరీక్షణగానే అది ఇక్కడి పేదలకు అర్థమైందని చెప్పడానికి తగిన ఆధారాలు కనిపిస్తాయి. నిరీక్షణ అంటే క్రైస్తవుల పరిభాషలో ఉత్త ఎదురుచూపు కాదు. దేవుడు మాట ఇచ్చాడు కనుక అది నెరవేరి తీరుతుందన్న నమ్మకంతో కూడిన ఎదురుచూపు.

క్రైస్తవ సిద్ధాంతం ఈ విషయాన్ని రెండు దశలుగా చూస్తుంది. విశ్వాసి కన్నుమూయగానే అతని ఆత్మ క్రీస్తు సన్నిధికి చేరుతుందన్నది మొదటి దశ. మరణానికీ పునరుత్థానానికీ నడుమ ఉండే ఈ స్థితిని వేదాంత పండితులు మధ్యస్థ స్థితి అంటారు. క్రీస్తు తిరిగి వచ్చినప్పుడు మృతులు శరీరాలతో లేస్తారని, తీర్పు జరుగుతుందని, ఆ మీదట దేవుడు ఆకాశాన్నీ భూమినీ కొత్తవిగా చేసి, విమోచన పొందినవారిని, అంటే వెల చెల్లించి దాస్యం నుంచి విడిపించినవారిని, అక్కడ శాశ్వతంగా నివసింపజేస్తాడని చెప్పేది రెండవ దశ. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనవ అధ్యాయంలో పట్టుబట్టి వాదించింది ఈ రెండవ దశ గురించే. శరీరం లేవకపోతే క్రైస్తవ విశ్వాసమే వ్యర్థమని అతని వాదన. అందుచేత ఆత్మ పైకి పోవడంతోనే కథ ముగిసిందనుకోవడం మూలగ్రంథాల ప్రకారం చూస్తే సగం దారిలో ఆగిపోవడమే.

శాశ్వత నివాసాన్ని గురించిన విపులమైన వర్ణన బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని చివరి రెండు అధ్యాయాల్లో ఉంది. రోమా చక్రవర్తి డొమిషియన్ కాలంలో, క్రీ.శ. 95 ప్రాంతంలో, పత్మాసు ద్వీపంలో ప్రవాసశిక్ష అనుభవిస్తున్న యోహాను దీన్ని రాశాడని ప్రాచీన సంప్రదాయం. ఆ దర్శనంలో మనుషులు పైకి ఎక్కిపోరు. నూతన యెరూషలేము అనే పట్టణమే దేవుని దగ్గర నుంచి కిందికి దిగి వస్తుంది. దానికి పన్నెండు గుమ్మాలు. అవి ఎప్పుడూ మూతపడవు. అందులో ఆలయం ఉండదు, ఎందుకంటే దేవుడే ప్రజల మధ్య కాపురం ఉంటాడు. పట్టణం నడుమ జీవజల నది పారుతుంది, దాని రెండు గట్లనా నెలనెలా కాపు ఇచ్చే జీవవృక్షం ఉంటుంది, దాని ఆకులు జనులకు స్వస్థత కలిగిస్తాయి. కొత్త భూమి మీద సముద్రం ఉండదని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ప్రాచీన యూదుల మనసులో సముద్రం అల్లకల్లోలానికీ వినాశనానికీ గుర్తు కావడమే ఇందుకు కారణమని వ్యాఖ్యాతలు వివరిస్తారు. 1996 నవంబరు 6న విరుచుకుపడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుపానును చూసిన కోనసీమవాసికి ఈ వాక్యం బోధపడటానికి వ్యాఖ్యానగ్రంథాల అవసరం ఉండదు.

ఈ బోధ డెల్టాకు వచ్చిన కాలం మామూలు కాలం కాదు. 1832–33లో నందన కరువు తీరాంధ్రను తుడిచిపెట్టింది. 1839 నవంబరులో కోరంగి రేవును తుపాను ఉప్పెన ముంచెత్తింది. నది పక్కనే పారుతున్నా పంటకు నీరందక, వరదొస్తే ఊళ్లు మునిగి, రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలు ఉన్నది 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. సరిగ్గా ఈ రోజుల్లోనే, 1836లో, ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం బార్న్‌స్టేపుల్ పట్టణం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా భారతదేశానికి బయలుదేరారు. ఒకరు రాతిపని చేసే తాపీమేస్త్రీ, మరొకరు చెప్పులు కుట్టేవారు. పెద్ద చదువులు గానీ వెనుక ఒక మిషను సంస్థ జీతం గానీ లేనివారు. తొలుత మచిలీపట్నం చేరి, ఆ తరువాత నరసాపురాన్ని స్థావరం చేసుకుని వారు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషనుగా పేరుపొందింది.

వారిని తీసుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ (1795–1853) గురించి కొంత చెప్పుకోవాలి. ఎక్సెటర్‌లో పళ్ల వైద్యుడిగా మంచి రాబడి ఉన్న గ్రోవ్స్, విశ్వాసి భూమి మీద ఆస్తి కూడబెట్టరాదని వాదిస్తూ 1825లో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి, తాను రాసినదాని ప్రకారమే ఉన్నదంతా వదులుకుని 1829లో కుటుంబంతో బాగ్దాదు వెళ్లాడు. అక్కడి ప్లేగులో భార్యను పోగొట్టుకుని, అటుపిమ్మట భారతదేశం చేరాడు. పరలోకంలో ఇల్లు ఉందని బోధించినవారు భూమి మీద తమ ఇంటిని నిజంగానే వదులుకుని వచ్చారన్న సంగతి వారి బోధకు బలం చేకూర్చింది. వలస పాలన నీడలో జరిగిన మతప్రచారమంతటినీ ఒకే గాటన కట్టేవారు ఈ తేడాను గమనించడం న్యాయం.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టిన ఆర్థర్ కాటన్ (1803–1899) స్వయంగా భక్తిపరుడైన క్రైస్తవుడు. ఆనకట్ట పనికి దూరదూరాల నుంచి వచ్చి చేరిన కూలీల మధ్య డెల్టా మిషను వారు బోధ చేశారు. కాలువలు తూర్పు డెల్టా గుండా సాగి ఆలమూరు ప్రాంతపు మెట్టను మాగాణిగా మార్చాయి, వరి పండింది, భూమి విలువ పెరిగింది. అయితే ఆ భూమిలో నాట్లు వేసి కోతలు కోసిన మాల, మాదిగ కుటుంబాలకు సెంటు నేల దక్కలేదు. తీసుకున్న అప్పుకో పెళ్లి ఖర్చుకో ఏడాదికేడాది కామందు దగ్గర పాలేరుగా కుదిరి, ఇంకొకరి దొడ్లోనో కాలువ గట్టు మీదో తాటాకు పాక వేసుకుని, పొమ్మంటే పోవలసిన స్థితి వారిది. అలాంటివారికి, తండ్రి ఇంట చాలా నివాసాలు ఉన్నాయని, వాటిలో ఒకటి వారికోసమే సిద్ధం చేయడానికి క్రీస్తు ముందుగా వెళ్లాడని యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయం చెప్పే మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వెల ఇచ్చి విడిపించడం, ఎవరూ ఖాళీ చేయించలేని ఇల్లు, ఎవరినీ బయట నిలబెట్టని గుమ్మం – ఇవన్నీ వారికి వేదాంత పదాలు కావు, తమ బతుకులో లేనివాటి పేర్లు. ఊరి వీధిలోకి చెప్పులేసుకుని రానివ్వని రోజుల్లో, ఎప్పటికీ మూయని పన్నెండు గుమ్మాల పట్టణంలో తాము పౌరులమని పేటలోని ప్రార్థన మందిరంలో కూర్చుని వినడం చిన్న విషయం కాదు.

ఈ బోధ జనం నోట నిలిచింది ప్రసంగాల వల్ల కంటే పాటల వల్లనే. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుడిగా చెప్పదగిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంలో వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, రాగతాళాలతో నూటికి పైగా కీర్తనలు రచించాడు. వైకుంఠాన్నీ మోక్షాన్నీ గురించి బాల్యం నుంచే విని పెరిగిన ఆ కవి చేతిలో క్రైస్తవ నిరీక్షణ దేశీయమైన బాణీ తొడుక్కుంది. జన్మపరంపర నుంచి విడుదల అనే అర్థం పక్కకు తొలగి, వ్యక్తి తన పేరుతో, తన రూపుతో దేవుని ఎదుట నిలిచే ఆనందమనే అర్థం ముందుకు వచ్చింది. ఆయనతో పాటు ఎందరో కవులు రాసినవన్నీ చేరిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటం లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ తేడా లేకుండా సంఘాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. అక్షరం రానివారు సైతం మరణం జరిగిన ఇంట రాత్రంతా మేలుకుని ఆ పాటలు పాడుకుంటూ సిద్ధాంతాన్ని కంఠస్థం చేసుకున్నారు.

సంఘాల మధ్య వివరాల్లో తేడాలు లేకపోలేదు. బౌడెన్, బీర్ వచ్చిన బ్రదరెన్ సహవాసంలో జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) బోధల ప్రభావం బలమైనది: క్రీస్తు మొదట సంఘాన్ని పైకి ఎత్తుకుంటాడు, దీన్నే ‘ఎత్తబడుట’ అంటారు, పిమ్మట భూమి మీద మహాశ్రమలు, అవి ముగిశాక వెయ్యేండ్ల పరిపాలన, చివర కొత్త ఆకాశం, కొత్త భూమి. తరువాత వచ్చిన పెంతెకొస్తు సంఘాలు ఈ క్రమాన్నే మరింత ఉద్రేకంతో బోధించాయి. 1842లో గుంటూరుకు, 1845లో రాజమండ్రికి వచ్చిన లూథరన్లు వెయ్యేండ్లను అక్షరాలా లెక్కపెట్టక, క్రీస్తు రాకడ, పునరుత్థానం, తీర్పు ఒకదాని వెంట ఒకటి వస్తాయని మాత్రమే చెబుతారు. పాపదోషం మిగిలి ఉన్న ఆత్మలు పరలోక ప్రవేశానికి ముందు శుద్ధి పొందే ‘ఉత్తరించు స్థలము’ ఉందని కథోలికులు నమ్ముతారు. అందుకే నవంబరు 2న చనిపోయినవారి కోసం పూజ చెప్పిస్తారు. ప్రొటెస్టెంట్లు ఈ స్థలాన్ని అంగీకరించరు.

ఆలమూరుకు దగ్గరలోనే, కడియం పక్కనున్న జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు ఈ నిరీక్షణకు ఇచ్చిన రూపం మరోటి. లూథరన్ సంఘంలో పెరిగి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించి, 1960లో మరణించేదాకా ఆయన ప్రధానంగా బోధించింది రాకడకు సిద్ధపడటం గురించి. ప్రకటన గ్రంథం నూతన యెరూషలేమును గొర్రెపిల్ల పెండ్లికుమార్తెగా వర్ణిస్తుంది. ఇక్కడ గొర్రెపిల్ల అంటే బలియైన క్రీస్తు. దేవదాసు ఆ వర్ణనను పట్టుకుని, విశ్వాసి తన జీవితాన్ని పెండ్లికుమార్తె సంఘంలో చేరే అలంకరణగా భావించాలని, సన్నిధిలో మౌనంగా కనిపెట్టుకుని ఉండటం ద్వారా పరలోకపు రుచిని ఇప్పుడే చూడవచ్చని నేర్పాడు. విదేశీ మిషను డబ్బు గానీ పరిపాలన గానీ లేకుండా, తెలుగు నేల మీద తెలుగువాడు స్థాపించిన సంఘం ఇంత విస్తారంగా పాకడం వెనుక ఈ బోధ పాత్ర చాలా ఉంది.

శరీరం మళ్లీ లేస్తుందన్న మాటకు ఈ ప్రాంతంలో దొరికిన అత్యంత కఠినమైన పరీక్ష రామచంద్రపురంలో జరిగింది. తంతి శాఖలో ఉద్యోగం చేసిన తెలుగు క్రైస్తవుడు థామస్ గాబ్రియేలు కాకినాడలో ప్రారంభించిన పనిని 1874లో కెనడా బాప్టిస్టులు చేపట్టారు. వారి పని ఆలమూరుకు పొరుగునున్న రామచంద్రపురానికి విస్తరించి, అక్కడ కుష్ఠు రోగుల ఆశ్రమం ఏర్పడింది. ఇసబెల్ హాచ్ అనే మిషనరీ పేరు ఆ సేవతో ముడిపడి ఉంది. వేళ్లు రాలిపోయి, ముఖం రూపు మారి, కన్నబిడ్డలే దూరం పెట్టిన మనిషికి ‘నీ ఆత్మ పైకి పోతుంది’ అని చెబితే అది ఓదార్పే. కానీ ‘నీ చేతులు నీకు తిరిగి వస్తాయి’ అని చెప్పడం అంతకంటే పెద్ద వాగ్దానం. పునరుత్థాన సిద్ధాంతం చెప్పేది ఈ రెండోదే.

ఈ విశ్వాసం కంటికి కనిపించే చోటు సమాధుల తోట. క్రైస్తవులు మరణించినవారిని పాతిపెడతారు గాని కాల్చరు అన్నది పైకి కనిపించే ఆచారం. మళ్లీ లేచేదాకా విశ్రమించే శరీరమన్న భావన దాని వెనుక ఉంది. చనిపోయారని అనరు, ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ‘మహిమలో ప్రవేశించారు’ అనీ అంటారు. పాదిరిగారు గుప్పెడు మన్ను మూడుసార్లు పెట్టె మీద చల్లి భూస్థాపన చేస్తారు, కొన్నాళ్లకు బంధువులు ఆదరణ కూడిక పెడతారు. డెల్టాలో కొద్ది అడుగులు తవ్వితేనే నీరు ఊరుతుంది కనుక స్తోమత ఉన్నవారు సిమెంటుతో ఎత్తుగా సమాధి కట్టిస్తారు, లేనివారు మట్టి దిబ్బ మీద కొయ్య సిలువ నాటుతారు. ఈస్టరు ముందు రోజు కుటుంబమంతా వచ్చి కలుపు పీకి, సున్నం కొట్టి, నల్ల రంగుతో పేరూ తేదీలూ తిరగరాసి, తెల్లవారుజామున బంతిపూలు పేర్చి కొవ్వొత్తులు వెలిగించి, క్రీస్తు లేచిన ఘడియలో తమవారి తల దగ్గర నిలబడి పాడతారు. ఇది పితృకార్యం వంటిదని కొందరు అనుకుంటారు. బాహ్యంగా పోలిక ఉన్నా, ఇక్కడ మృతులకు అర్పించేది ఏమీ లేదు, వారు లేస్తారన్న మాటను బతికున్నవారు తమకు తాము గుర్తుచేసుకోవడమే ఉంది.

పరలోకం ఆశ చూపి పేదవాణ్ణి ఈ లోకపు అన్యాయానికి సర్దుకుపొమ్మన్నారన్న విమర్శ పాతదే, అందులో నిజం బొత్తిగా లేదనీ అనలేము. ‘ఇక్కడ ఓర్చుకో, అక్కడ దొరుకుతుంది’ అన్న ధోరణి ప్రసంగాలు డెల్టాలో ఇప్పటికీ వినిపిస్తాయి. అయితే అదే బోధ విన్న పేటల్లోనే బడులు వెలిశాయి, పాలేరు బిడ్డలు ఉపాధ్యాయులూ నర్సులూ అయ్యారు, చావిట్లో నిలబడి మాట్లాడే ధైర్యం వచ్చింది. దేవుడు ఈ భూమినే కొత్తది చేస్తాడని నమ్మినవాడు ఈ భూమిని చులకనగా చూడడు. పట్టణం కిందికి దిగుతుందన్న దర్శనాన్ని వదిలి ఆత్మ పైకి ఎగరడాన్ని మాత్రమే బోధించిన చోటల్లా ఈ విశ్వాసం చిక్కిపోయిందన్నదే చరిత్ర చూసినవారు చేయదగిన తీర్పు.

నరసాపురం, పాలకొల్లు, రామచంద్రపురం, ఆలమూరు ప్రాంతాల పాత సమాధుల మీది రాతలు ఈ చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. ఏటా పూసే సున్నం కింద, కొత్తగా అతికించే పలకల కింద అవి మరుగునపడుతున్నాయి. పాత సంఘాల భూస్థాపన రిజిస్టర్లకు చెద పడుతోంది. ప్రతి సంఘమూ వచ్చే ఈస్టరుకు సున్నం కొట్టే ముందే తమ తోటలోని పాత రాతలను ఒక పుస్తకంలోకి ఎక్కించి, ఫొటోలు తీసి, ఆ ప్రతిని మండల గ్రంథాలయానికి కూడా ఇస్తే బాగుంటుంది.